జీవశాస్త్ర ల్యాబ్ కొలువులు: ఏ ప్రాంతంలో గిరాకీ, ఎందుకు?

ఫార్మా, బయోటెక్ పెట్టుబడుల వార్త వచ్చిన ప్రతిసారీ మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ చదివిన వేలాది మందిలో ఆశ మొదలవుతుంది. ఏడాది గడిచాక చూస్తే వాళ్లలో చాలామంది ఇంకా ట్రైనీ పోస్టు కోసమే తిరుగుతుంటారు. అదే సమయంలో పత్రికల్లో ఎన్నడూ కనిపించని ఒక ఇంజెక్షన్ల ప్లాంటు, ఒక రొయ్య పిల్లల హేచరీ, ఒక విత్తన కంపెనీ ఏటా కొత్తవాళ్లను చేర్చుకుంటూనే ఉంటాయి.

ఈ తేడా ఎందుకంటే, ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం పెట్టుబడి వెంట కాక పరీక్ష వెంట వస్తుంది. ఈ పరీక్ష జరగనిదే సరుకు గేటు దాటకూడదని చట్టమో, ఔషధ నియంత్రణ సంస్థో, విదేశీ కొనుగోలుదారో ఎక్కడ పట్టుబడతారో అక్కడ నమూనా తీసి, కల్చర్ ప్లేటు పెట్టి, ఫలితం రాసే మనిషి తప్పనిసరి అవుతాడు. ఈ కోణంలో చూస్తే రెండు తెలుగు రాష్ట్రాల ఉద్యోగ చిత్రం చాలావరకు స్పష్టమవుతుంది.

క్లుప్తంగా: హైదరాబాద్ ఉత్తర శివార్లలో టీకాలు, బయోలాజిక్స్ (జీవకణాల సాయంతో తయారుచేసే మందులు), కాంట్రాక్టు పరిశోధన ఉన్నాయి. విశాఖ, అనకాపల్లి తీరంలో ఫార్మా పెద్దదే అయినా అక్కడ పని ఎక్కువగా కెమిస్ట్రీ వాళ్లది. కాకినాడ నుంచి నెల్లూరు దాకా రొయ్యల ల్యాబ్‌లు చాలా ఉన్నాయి కానీ వాటి ఉద్యోగాలు ఎగుమతులతో పాటే పెరిగి తగ్గుతాయి. జిల్లా కేంద్రాల్లోని ఆసుపత్రి ల్యాబ్ పోస్టులకు వేరే చదువు కావాలి.

ఒకే తెల్లకోటు, రెండు దారులు

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం అర్హత దగ్గరే ఉంది. ఆసుపత్రిలో రక్తం, మూత్రం, కఫం పరీక్షించే మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ వేరు. టీకా, మందు, రొయ్య, విత్తనం, ఆహారం పరీక్షించే జీవశాస్త్ర టెక్నీషియన్ వేరు. పనిలో సగం ఒకేలా కనిపించినా చేరే దారులు కలవవు.

తెలంగాణ వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 2024 సెప్టెంబరులో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. మూలవేతన స్కేలు రూ.32,810 నుంచి 96,890. ప్రైవేటు ల్యాబ్‌లో కొత్తగా చేరినవారికి ఇది అందనంత ఎత్తులో ఉన్న జీతం. కానీ ఇలాంటి పోస్టులకు డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా, డిగ్రీ) తరహా చదువు, పారామెడికల్ బోర్డులో నమోదు అడుగుతారు. మామూలు బీజడ్‌సీ (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాల) పట్టా ఒక్కటే చేతిలో ఉంటే దరఖాస్తు నిలవదు. దీనికి తిరకాసు రెండో వైపు కూడా ఉంది. టీకా కంపెనీలు సాధారణంగా కోరేది మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ పట్టాలనే గానీ డీఎంఎల్‌టీని కాదు. పైగా అక్కడ ఉద్యోగానికి టెక్నీషియన్ అనే పేరే ఉండకపోవచ్చు. క్యూసీ (నాణ్యత నియంత్రణ) అనలిస్ట్, జూనియర్ ఆఫీసర్, ట్రైనీ మైక్రోబయాలజిస్ట్, రీసెర్చ్ అసోసియేట్ అనే పేర్లతో వెతికితేనే ఆ ప్రకటనలు కనిపిస్తాయి.

2021లో పార్లమెంటు చేసిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఈ గోడను కొంత కదిలించే అవకాశం ఉంది. ఆ చట్టం షెడ్యూలులో మెడికల్ ల్యాబొరేటరీ, లైఫ్ సైన్సెస్‌ను ఒకే వర్గంగా చేర్చారు. అనుబంధ ఆరోగ్య వృత్తికి కనీసం 2,000 గంటల చదువు, రెండేళ్లకు తగ్గని కోర్సు ఉండాలని నిర్వచించారు. ఆ చట్టం కింద ఏర్పడే రాష్ట్ర కౌన్సిళ్లు పూర్తిగా పని మొదలుపెట్టాక ఆరు నెలల సర్టిఫికెట్‌తో ల్యాబ్‌లో నెట్టుకొస్తున్నవారికి ఇబ్బంది తప్పదు. ఊరూరా వెలిసిన స్వల్పకాలిక కోర్సుల్లో చేరేముందు గంటల లెక్క చూసుకోవాల్సింది అందుకే.

హైదరాబాద్: టీకా వెనుక పద్నాలుగు రోజులు

నగరానికి ఉత్తరాన శామీర్‌పేట, తుర్కపల్లి, కర్కపట్ల వైపు 1999 నుంచి విస్తరించిన జీనోమ్ వ్యాలీ ఈ ఉద్యోగాలకు ప్రధాన కేంద్రం. అయితే హైదరాబాద్ టీకాల చరిత్ర అంతకంటే పాతది. బయోలాజికల్ ఈ సంస్థ 1953 నాటిది. ఇండియన్ ఇమ్యునలాజికల్స్ 1982లో మొదలైంది. 1993లో పుట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయంగా తయారైన హెపటైటిస్-బి టీకాను తక్కువ ధరకు తెచ్చింది. 1996లో భారత్ బయోటెక్ వచ్చింది. కణాలను పెంచడం, వైరస్‌ను పండించడం, శుద్ధి చేయడం, నిర్వీర్యం చేయడం చేతికి అలవాటైన మనుషులు ఈ నగరంలో మూడు తరాలుగా తయారవుతున్నారు. కొత్త కంపెనీలు ఇక్కడికే రావడానికి భూమి, రాయితీలతో పాటు ఆ మనుషులూ కారణం.

టీకా ఫ్యాక్టరీలో యంత్రాలు ఎంత పెద్దవైనా ల్యాబ్ పనిలో ఎక్కువ భాగం ఓపికతో కూడుకున్న నిత్యకృత్యం. ఉదాహరణకు సరుకులో సూక్ష్మజీవులేవీ లేవని తేల్చే స్టెరిలిటీ పరీక్ష తీసుకుంటే, నమూనాను రెండు రకాల మీడియాలో (సూక్ష్మజీవులు పెరిగే పోషక ద్రవంలో) వేసి 14 రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచి, మధ్యలో మబ్బు పట్టిందేమో చూస్తూ ఉండాలి. అన్ని రోజులూ ఆ బ్యాచ్ గోదాములో ఆగి ఉంటుంది. ఈలోగా మీడియా తయారీ, ఆటోక్లేవ్, ఆ మీడియాలో సూక్ష్మజీవులు సరిగా పెరుగుతున్నాయో లేదో చూసే పరీక్ష, నీటి నమూనాలు, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషపదార్థం) పరీక్ష, క్లీన్ రూమ్ గాలిలో, గోడల మీద, పనిచేసేవారి గ్లౌజుల మీద సూక్ష్మజీవుల లెక్క సాగుతూనే ఉంటాయి. ఉత్పత్తి నడిచిన ప్రతి షిఫ్టులోనూ ఈ నిఘా ఉండాలి కాబట్టి రాత్రి పనీ ఉంటుంది. తయారైన టీకా బ్యాచ్‌లు మార్కెట్లోకి వెళ్లేముందు హిమాచల్‌లోని కసౌలీ కేంద్ర ఔషధ ప్రయోగశాల అనుమతి కూడా పొందాలి. 2021లో కోవిడ్ టీకాల కోసం హైదరాబాద్‌లోని జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థను కూడా ఇలాంటి కేంద్ర ప్రయోగశాలగా గుర్తించారు.

ఈ గిరాకీకి ఉన్న బలహీనత కూడా కోవిడ్ కాలంలోనే బయటపడింది. 2021లో అత్యంత వేగంగా సామర్థ్యం పెంచిన పరిశ్రమ, మరుసటి ఏడాదే ఆర్డర్లు లేక వెనక్కి తగ్గింది. కోవాగ్జిన్ ఉత్పత్తిని తాత్కాలికంగా తగ్గిస్తున్నట్టు 2022 ఏప్రిల్‌లో భారత్ బయోటెక్ ప్రకటించింది. పిల్లలకు ఏటా వేసే టీకాల మీద ఆధారపడిన ఉత్పత్తి లైన్లు నిలకడగా ఉంటాయి. మహమ్మారి ఆర్డర్ల మీద నడిచే లైన్లు అలా ఉండవు. ఉద్యోగం ఏ లైనులోనో తెలుసుకోవడం కంపెనీ పేరు తెలుసుకోవడం కంటే ముఖ్యం.

ఇక పాఠకులను ఎక్కువగా తికమకపెడుతున్న విషయం బహుళజాతి సంస్థల కేంద్రాలు. సనోఫీ, బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్, 2025 ఫిబ్రవరిలో ఆమ్జెన్ వంటి ప్రపంచ దిగ్గజాలు హైదరాబాద్‌లో పెద్ద కార్యాలయాలు తెరిచాయి. ఇవన్నీ లైఫ్ సైన్సెస్ కంపెనీలే. కానీ ఈ కేంద్రాల్లో ప్రధానంగా జరిగేది డేటా విశ్లేషణ, సాఫ్ట్‌వేర్, క్లినికల్ ట్రయల్స్ సమాచార నిర్వహణ, నియంత్రణ పత్రాల తయారీ వంటి పని. ఇంక్యుబేటర్, లామినార్ ఫ్లో, పైపెట్‌తో చేసే పని అక్కడ చాలా తక్కువ. హైటెక్ సిటీలో వచ్చిన వెయ్యి ఉద్యోగాలను జీనోమ్ వ్యాలీలో వచ్చిన వెయ్యి ఉద్యోగాలతో సమానంగా లెక్కేసుకుంటే మైక్రోబయాలజీ పట్టభద్రుడు మోసపోతాడు.

ల్యాబ్ బల్ల దగ్గర పని పెంచేవి కాంట్రాక్టు పరిశోధన, తయారీ సంస్థలు. సాయి లైఫ్ సైన్సెస్, అరాజెన్, సింజీన్ వంటివి విదేశీ కంపెనీల ప్రయోగాలను ఇక్కడ చేసిపెడతాయి. చైనా సంస్థలపై ఆధారపడటం తగ్గించాలని అమెరికాలో సాగుతున్న ఒత్తిడి వీటికి కలిసొచ్చే అంశం. అక్కడి ప్రతినిధుల సభ 2024 సెప్టెంబరులో ఈ ఉద్దేశంతోనే తెచ్చిన బయోసెక్యూర్ బిల్లును ఆమోదించింది. అయితే ఇలా మళ్లే పనిలో పెద్ద వాటా మొదట రసాయన సంశ్లేషణకు వెళుతుంది. జీవశాస్త్ర విభాగాలకు చేరేది తర్వాతే.

సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), జాతీయ పోషకాహార సంస్థ, సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం), ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ సంస్థ) లాంటి పరిశోధన సంస్థలు నగరానికి గౌరవం తెస్తున్నా, వాటిలో శాశ్వత సాంకేతిక పోస్టులు అరుదు. దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉండే తాత్కాలిక స్థానాలు. అయినా అక్కడ రెండేళ్లు పనిచేసి నేర్చుకున్న సెల్ కల్చర్‌కు (కణాలను పెంచడం), ఫ్లో సైటోమెట్రీకి (కణాలను యంత్రంతో లెక్కించి వర్గీకరించడం) తర్వాత కంపెనీల్లో మంచి విలువ ఉంటుంది.

విశాఖ తీరం: ఫార్మా ఉంది, జీవశాస్త్రం తక్కువ

పరవాడలోని జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ చూసి ఉత్తరాంధ్ర జీవశాస్త్ర విద్యార్థులు పెట్టుకునే ఆశలు పూర్తిగా నెరవేరవు. అక్కడి యూనిట్లలో ఎక్కువ బల్క్ డ్రగ్‌వి, అంటే మందుల ముడి పదార్థం చేసేవి. రియాక్టర్లలో రసాయన చర్యలు జరుగుతాయి, నాణ్యత విభాగంలో హెచ్‌పీఎల్‌సీ (రసాయనాలను విడదీసి కొలిచే యంత్రం) నడిపే కెమిస్ట్రీ వాళ్లకు పని ఉంటుంది. నీటి పరీక్ష, సూక్ష్మజీవులు పరిమితి దాటలేదని చూసే మైక్రోబియల్ లిమిట్ పరీక్షల కోసం ఒక్కో ప్లాంటుకు కొద్దిమంది మైక్రోబయాలజిస్టులు సరిపోతారు. అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేసిన బల్క్ డ్రగ్ పార్కుకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

స్టెరైల్ ఇంజెక్షన్లు చేసే ప్లాంట్లు మాత్రం వేరు. నేరుగా రక్తంలోకో కండరంలోకో వెళ్లే మందు కాబట్టి అక్కడ సూక్ష్మజీవుల నిఘా టీకా ప్లాంటుకు ఏమాత్రం తీసిపోదు. ఫార్మా సిటీలో ఇలాంటి ప్లాంటు ఒక్కటి ఉంటే బల్క్ డ్రగ్ యూనిట్ కంటే చాలా ఎక్కువ మైక్రోబయాలజీ పని పుట్టిస్తుంది.

మరో మినహాయింపు కాకినాడ జిల్లా తొండంగి మండలంలో ఉంది. అరబిందో అనుబంధ సంస్థ లైఫియస్ అక్కడ పెన్సిలిన్-జి తయారీ మొదలుపెట్టింది. పెన్సిలిన్‌ను బూజు నుంచి పులియబెట్టి తీస్తారు. జీవించి ఉన్న ఆ బూజు కల్చర్‌ను ఫ్లాస్కు నుంచి పెద్ద ఫెర్మెంటర్ దాకా పెంచుకుంటూ పోవాలి. దారిలో ఒక్క బ్యాక్టీరియా చొరబడినా వేల లీటర్లు వృథా. అందుకే ఫెర్మెంటేషన్ ప్లాంటుకు జీవశాస్త్రం తెలిసినవాళ్లు ప్రతి దశలోనూ కావాలి. ఈ ప్లాంటు నిలదొక్కుకోవడం చైనా నుంచి వచ్చే చౌక పెన్సిలిన్ ధర మీద ఆధారపడి ఉంది. తూర్పు తీరంలో జీవశాస్త్ర పట్టభద్రులు నక్కపల్లి కంటే ఎక్కువగా గమనించాల్సింది ఈ ధరనే.

రొయ్యల ల్యాబ్‌లు: చెరువు దగ్గర మొదలై అమెరికా రేవు దాకా

దేశంలో పండే సాగు రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే. 2009లో వనామీ రకానికి అనుమతి వచ్చాక సాగు ఎంత వేగంగా పెరిగిందో రోగాల భయమూ అంతే పెరిగింది. వైట్ స్పాట్ వైరస్ సోకితే కొద్ది రోజుల్లో చెరువు ఖాళీ అవుతుంది. ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి చంపదు కానీ ఎదుగుదలను ఆపి రైతును అప్పుల్లోకి నెడుతుంది. అందుకే ఉప్పాడ, చీరాల, నెల్లూరు తీరాల్లోని హేచరీల్లో రొయ్య పిల్లను అమ్మే ముందు, భీమవరం, కైకలూరు, అమలాపురం ప్రాంతాల్లో చెరువులో వదిలే ముందు పీసీఆర్ (రోగకారకం జన్యు పదార్థాన్ని పట్టే పరీక్ష) చేయిస్తారు. నీటి ఉప్పదనం, క్షారత, అమ్మోనియా, విబ్రియో బ్యాక్టీరియా కౌంటు చూస్తారు. ఈ బ్యాక్టీరియాను పెంచే టీసీబీఎస్ ప్లేటు మీద పచ్చ కాలనీలు ఎన్ని, పసుపు కాలనీలు ఎన్ని అన్న లెక్కను బట్టి రైతు ఆ రాత్రి ఏం చేయాలో నిర్ణయించుకుంటాడు. ల్యాబ్ రిపోర్టును ఇంత దగ్గరగా చదివే వినియోగదారుడు మరే రంగంలోనూ కనిపించడు.

ఇక్కడ ఉద్యోగాలు మూడు రకాలు. హేచరీల సొంత ల్యాబ్‌లు, మేత కంపెనీలు రైతులను నిలుపుకోవడానికి నడిపే ల్యాబ్‌లు, ప్రాసెసింగ్ ప్లాంట్ల నాణ్యత విభాగాలు. మొదటి రెండింటిలో చేరడం తేలిక, జీతం తక్కువ, పని సీజన్‌ను బట్టి. పీసీఆర్ యంత్రం ఉన్నంత మాత్రాన ఫలితం సరైనదని చెప్పలేం. డీఎన్‌ఏ తీసే గది, నమూనా కలిపే గది వేరుగా లేకపోతే ఒక నమూనా అవశేషం మరొకదానిలో కలిసి లేని రోగం ఉన్నట్టు చూపిస్తుంది. ఇది తెలిసిన టెక్నీషియన్‌కూ, బటన్ నొక్కడం మాత్రమే నేర్చుకున్నవారికీ ఈ రంగంలో భవిష్యత్తు ఒకేలా ఉండదు. కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, ముత్తుకూరు మత్స్య కళాశాల ఈ పనికి దగ్గరి శిక్షణ కేంద్రాలు.

మూడో రకం నిలకడైనది, ఎందుకంటే దాని వెనుక విదేశీ నిబంధన ఉంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషిద్ధ యాంటీబయాటిక్‌ల జాడ దొరికితే సరుకు రేవులోనే ఆగిపోతుంది. యూరోపియన్ యూనియన్ 2016 నుంచి భారత్ సాగు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగాన్ని పరీక్షించాలని నిబంధన పెట్టింది. ఐరోపాకు వెళ్లే సరుకుకు చెరువులో రొయ్యలు పట్టక ముందే ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) ఎలీసా ల్యాబ్‌లో, అంటే ప్రతిరక్షకాలతో పదార్థాల జాడ పట్టే ల్యాబ్‌లో, యాంటీబయాటిక్ పరీక్ష జరగాలి.

అయితే భారత ఘనీభవించిన రొయ్యలకు అతిపెద్ద మార్కెట్ అమెరికా. 2025 ఆగస్టులో భారత సరుకులపై అక్కడి అదనపు సుంకం 50 శాతానికి చేరింది. ధర పడితే రైతు విస్తీర్ణం తగ్గిస్తాడు, హేచరీకి ఆర్డర్లు తగ్గుతాయి, ఆ దెబ్బ ఒకటి రెండు పంటల తేడాతో ల్యాబ్‌కు చేరుతుంది. ఎగుమతిదారు ఐరోపా వైపు మళ్లితే మాత్రం కథ మారుతుంది. అక్కడ పరీక్షలు ఎక్కువ కాబట్టి టన్ను రొయ్యకు పట్టే ల్యాబ్ పని పెరుగుతుంది. అంటే హేచరీ ల్యాబ్‌లో పోయిన పని ప్రాసెసింగ్ ప్లాంటు ల్యాబ్‌లో కొంత తిరిగి రావచ్చు. కాకపోతే అక్కడ ఎలీసాతో పాటు మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువుల బరువును బట్టి పదార్థాన్ని గుర్తించే పద్ధతి) కూడా తెలిసినవారు కావాలి.

విత్తనం, ఆహారం

హైదరాబాద్ చుట్టూ మేడ్చల్ వైపు విత్తన కంపెనీలు, గద్వాల ప్రాంతంలో పత్తి విత్తనోత్పత్తి ఉన్నందున తెలంగాణలో విత్తన ల్యాబ్‌లు ఎక్కువ. 2019లో అంతర్జాతీయ విత్తన పరీక్ష సంఘం మహాసభ హైదరాబాద్‌లోనే జరిగింది. మొలక శాతం, జన్యు స్వచ్ఛత, పత్తిలో పురుగును తట్టుకునే బీటీ ప్రోటీన్ ఉందో లేదో చూసే ఎలీసా ఇక్కడి ప్రధాన పరీక్షలు. వానాకాలం సాగుకు ముందు నెలల్లో ఊపిరాడని పని, తర్వాత మందగమనం. మాలిక్యులర్ మార్కర్లతో (డీఎన్‌ఏ గుర్తులతో) జన్యు స్వచ్ఛత తేల్చే ల్యాబ్‌లు పెరిగే కొద్దీ బయోటెక్నాలజీ వాళ్లకు చోటు పెరుగుతుంది. మొలక పరీక్షలకు విత్తన సాంకేతిక డిప్లొమా చేసినవారినే తీసుకోవడం సహజం.

ఆహార పరీక్షల లోటు 2024లో అందరికీ తెలిసింది. తిరుమల నెయ్యి నమూనాలను గుజరాత్‌లోని ఆనంద్‌కు పంపాల్సి వచ్చింది. రోజూ లక్షల లడ్డూలు తయారయ్యే చోట ఆ స్థాయి పరీక్ష అప్పట్లో దగ్గర్లో లేకపోవడం ఒక్క ఊరి సమస్య కాదు. హైదరాబాద్ దాటితే రెండు రాష్ట్రాల్లోనూ ఆహార ల్యాబ్‌లు చాలా పలచగా ఉన్నాయి.

జిల్లా ఆసుపత్రులు: పరీక్షలు పెరిగినా మనుషులు పెరగని చోటు

2018లో హైదరాబాద్‌లో మొదలై 2021లో జిల్లాలకు విస్తరించిన తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ఒక ఆసక్తికరమైన ఉదాహరణ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం తీసి, వాహనంలో జిల్లా కేంద్ర ల్యాబ్‌కు పంపుతారు. అక్కడి ఆటోమేటిక్ అనలైజర్ గంటకు వందల పరీక్షలు చేస్తుంది. రోగికి ఇది పెద్ద మేలు. ఉద్యోగాల కోణంలో మాత్రం పరీక్షల సంఖ్య ఎంత పెరిగినా టెక్నీషియన్ల సంఖ్య ఆ నిష్పత్తిలో పెరగదు. మండల స్థాయిలో మిగిలేది రక్తం తీసే పని, మలేరియా స్లైడు, కఫం పరీక్ష. నైపుణ్యమంతా జిల్లా కేంద్రానికి చేరుతుంది. కేంద్రం జిల్లాకొకటి చొప్పున తలపెట్టిన సమీకృత ప్రజారోగ్య ల్యాబ్‌లదీ ఇదే తీరు.

దీన్ని కొంత భర్తీ చేసింది కొత్త వైద్య కళాశాలలు. తెలంగాణలో 2022 నుంచి వరుసగా మూడేళ్లు, ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో ప్రభుత్వ కళాశాలలు తెరుచుకున్నాయి. పాథాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ విభాగాలకు సాంకేతిక సిబ్బంది ఉండాలన్నది వైద్య విద్య నిబంధన. అందులో ఎన్ని పోస్టులు రెగ్యులర్‌గా, ఎన్ని అవుట్‌సోర్సింగ్‌లో నింపుతారన్నదే జీతాన్ని, నిలకడను తేలుస్తుంది.

గల్ఫ్, అమెరికా

గల్ఫ్ దేశాల్లో ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియన్లకు అవకాశాలున్నాయి. దానికి పట్టా పరిశీలన, లైసెన్సు పరీక్ష, పని అనుభవం కావాలి. ఇది ఎంఎల్‌టీ చదివినవారి దారి. అమెరికాలో బయాలజికల్ టెక్నీషియన్ ఉద్యోగానికి సాధారణంగా డిగ్రీ చాలు. అందుకే ఎమ్మెస్ చేయడానికి వెళ్లిన తెలుగు విద్యార్థికి వీసా స్పాన్సర్ చేసేంత అవసరం అక్కడి ల్యాబ్‌లకు అరుదుగా ఉంటుంది. 2025లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధన నిధులపై మొదలైన కోతల వివాదం విశ్వవిద్యాలయ ల్యాబ్‌ల నియామకాలను ఇంకా బిగించింది.

ముందున్న మార్పులు

యంత్రాలు ఈ పనిని మింగేస్తాయన్న భయం కొంతవరకే నిజం. కాలనీలు లెక్కపెట్టడం, ద్రవాలు పంచడం, ఫలితాలు ఎక్కించడం యంత్రాలకు వెళుతున్నాయి. క్లీన్ రూమ్‌లో కలుషితం కాకుండా నమూనా తీయడం, ఫలితం తేడా వస్తే తప్పు నమూనాలో ఉందా, మీడియాలో ఉందా, ప్లాంటులో ఉందా అని తవ్వి తీయడం ఇంకా మనిషి పనే. అమెరికా ఔషధ తనిఖీ అధికారులు డేటా విషయంలో పట్టుబడుతున్న తీరు వల్ల పని చేసిన క్షణంలోనే రాసే అలవాటు, కొట్టివేతల్లేని రికార్డు చేతి నైపుణ్యంతో సమానమైన అర్హత అయ్యాయి.

దగ్గరి భవిష్యత్తులో అన్నిటికంటే బలంగా పనిచేసే శక్తి సవరించిన షెడ్యూల్-ఎం. ఔషధ తయారీలో నాణ్యత ప్రమాణాలను పెంచిన ఈ నిబంధనలు పెద్ద కంపెనీలకు 2024 జూలై నుంచి, రూ.250 కోట్ల లోపు టర్నోవరు ఉన్నవాటికి 2025 చివరి దాకా ఇచ్చిన గడువు తర్వాత వర్తిస్తున్నాయి. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారంలోని చిన్న యూనిట్లకు సొంత మైక్రోబయాలజీ ల్యాబ్ పెట్టడం భారం. వాటిలో కొన్ని పెడతాయి, కొన్ని చర్లపల్లిలోని విమ్టా వంటి బయటి పరీక్ష ల్యాబ్‌లకు నమూనాలు పంపుతాయి, కొన్ని మూతపడతాయి. మొదటిది జరిగితే ఉద్యోగాలు పారిశ్రామికవాడల్లో చెదురుమదురుగా పుడతాయి. రెండోది జరిగితే కొద్ది ల్యాబ్‌ల్లో పోగుపడతాయి, ఒకే మనిషి రోజుకో రకం మందును పరీక్షిస్తూ త్వరగా ఎక్కువ నేర్చుకుంటాడు, పని ఒత్తిడీ అక్కడే ఎక్కువ. లైసెన్సుల పునరుద్ధరణ సమయంలో జరిగే తనిఖీల్లో ఈ మూడింటిలో ఏది ఎక్కువో బయటపడుతుంది.